పటం కాగితం వదిలి డేటాబేస్‌లోకి వెళ్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత పటాలను స్కాన్ చేసి, వాటికి జాబితా రాసి, నేల మీద అవి ఎక్కడ కూర్చుంటాయో చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. పటాలు చూడటానికి వచ్చేవాళ్లలో విద్యార్థులు ఉంటారు, పొలం హద్దు తగాదాలో నలుగుతున్న రైతులు ఉంటారు, తాతగారి ట్రంకు పెట్టెలో దొరికిన నక్షాను చంకన పెట్టుకొచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లు పదే పదే అడిగిన ప్రశ్నలను, నేను చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట రాశాను.

కంప్యూటర్ వచ్చాక పటంలో నిజంగా మారింది ఏమిటి? గీయడం తేలికైంది, అంతేనా?

గీయడం తేలికైన మాట నిజమే. అసలు మార్పు మాత్రం అది కాదు.

కాగితం పటం రెండు పనులను ఒంటిచేత్తో చేసేది. కొలతను దాచిపెట్టేదీ అదే, కంటికి చూపించేదీ అదే. సర్వేయర్ ఒక చెరువును కొలిచి గీశాడంటే ఆ గీతే ఆ చెరువుకు రికార్డు. 1:50,000 స్కేలు పటంలో ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు. గీత మందం 0.2 మిల్లీమీటర్లయితే ఆ గీత ఒక్కటే 10 మీటర్ల నేలను కప్పేస్తుంది. చెరువు గట్టు ఆ పది మీటర్లలో ఎక్కడుందో కాగితం చెప్పలేదు. సర్వేయర్ కొలత పుస్తకంలో అంతకంటే మంచి అంకె ఉన్నా, పటంలోకి వచ్చేసరికి అది సిరా మందంలో మునిగిపోయేది.

డేటాబేస్‌లో ఈ రెండు పనులూ విడిపోయాయి. అందులో చెరువు అంటే అక్షాంశ రేఖాంశాల వరుస. దాని పక్కన కొన్ని గడులు: పేరు, ఆయకట్టు, ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు, దేనితో కొలిచారు. బొమ్మ మనం అడిగినప్పుడు తయారవుతుంది. కాలువల ఇంజనీరు అడిగితే తూములు, అలుగులు చూపించే పటం వస్తుంది. బడి పిల్లలకు అదే పట్టిక నుంచి చెరువు పేరు పెద్ద అక్షరాల్లో ఉన్న పటం వస్తుంది. అందుకే ఇప్పటి పటం మంచిదా కాదా అని ఎవరైనా అడిగితే నేను బొమ్మను చూడను, వెనకున్న గడులు నిండాయా లేదా అని చూస్తాను. కొలిచిన తేదీ గడి ఖాళీగా ఉంటే ఆ పటం ఎంత అందంగా ఉన్నా నాకు దాని మీద నమ్మకం కుదరదు.

ఇదంతా ఎప్పుడు, ఎక్కడ మొదలైంది?

1960లలో, కెనడాలో. ఆ దేశంలో ఏ నేల సాగుకు పనికొస్తుంది, ఏది అడవికి, ఏది మేతకు అన్న లెక్క తీయాలనుకున్నారు. పటాల మీద పటాలు పరిచి చేత్తో వైశాల్యాలు కొలవాలంటే అంతమంది మనుషులూ లేరు, అంత డబ్బూ లేదు. రోజర్ టామ్లిన్సన్ అనే భూగోళ శాస్త్రవేత్త ఆ పనిని కంప్యూటర్‌తో చేయించవచ్చని ఒప్పించారు. పటాలను చదవడానికి ఐబీఎం ఒక స్కానర్‌ను ప్రత్యేకంగా తయారు చేసింది. జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) అని మనం అనేదానికి అది పునాది.

అదే కాలంలో అమెరికా జనగణన విభాగం వీధుల కోసం మరో ఉపాయం కనిపెట్టి, 1970 జనాభా లెక్కల్లో వాడింది. ప్రతి వీధి ముక్కకూ మొదలు ఏది, చివర ఏది, ఎడమ చేతివైపు ఏ బ్లాకు, కుడి చేతివైపు ఏ బ్లాకు అని రాసుకోవడమే ఆ ఉపాయం. మన దస్తావేజుల్లో తూర్పున ఫలానావారి పొలం, పడమర పంట కాలువ అని చెక్కుబందీ రాసే పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. చెక్కుబందీ సరిపోకపోతే రిజిస్ట్రేషన్ దగ్గర ఎలా పట్టుబడుతుందో, ఎడమ కుడి పొంతన కుదరకపోతే కంప్యూటర్ కూడా అలాగే తప్పు పట్టేస్తుంది.

రాస్టర్, వెక్టర్ అంటే?

స్కాన్ చేసిన పటం, ఉపగ్రహ చిత్రం రాస్టర్: చిన్న చిన్న చుక్కల గళ్లు, ప్రతి గడికీ ఒక రంగు. చుక్కలు, గీతలు, మూసిన హద్దులుగా దాచినది వెక్టర్. రాస్టర్‌లో చెరువు నీలి చుక్కల గుంపు. వెక్టర్‌లో అది చెరువే, దాని పేరుతో సహా.

సర్వే ఆఫ్ ఇండియా పటాలు ఇప్పుడు ఎలా దొరుకుతున్నాయి? పాత నంబర్లు ఎందుకు మారాయి?

1767లో మొదలైన ఆ సంస్థ పటాలకు, ముఖ్యంగా సరిహద్దులు, తీరాల వెంబడి ఉన్నవాటికి, చాలాకాలం ఆంక్షలు ఉండేవి. 2005లో వచ్చిన జాతీయ పటాల విధానం టోపో షీట్లను, అంటే కొండలు, ఏళ్లు, ఊళ్లు, దారులు వివరంగా చూపించే పటాలను, రెండు వరుసలుగా విడదీసింది. ఒకటి రక్షణ అవసరాలకు, రెండోది అందరి కోసం ఓపెన్ సిరీస్. 2017లో ఈ రెండో వరుస పటాలను ఇంటర్నెట్ నుంచి ఉచితంగా దించుకునే వీలు కల్పించారు. 2021 ఫిబ్రవరి 15న వచ్చిన మార్గదర్శకాలతో భారతీయ సంస్థలు ముందస్తు అనుమతుల కోసం తిరగకుండానే పటాల డేటా సేకరించి వాడుకునే స్వేచ్ఛ వచ్చింది. 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ విధానం ప్రకటించారు.

నంబర్ల సంగతికి వస్తే, చార్మినార్ ఉన్న షీటు పాత లెక్కలో 56 కె/7. ఓపెన్ సిరీస్‌లో అదే చోటు ఇ44ఎం7. మొదటిది భారతదేశాన్ని, చుట్టుపక్కల దేశాలను నాలుగేసి డిగ్రీల గళ్లుగా కోసి ఇచ్చిన నంబరు. రెండోది ప్రపంచమంతటా వాడే జోన్ల లెక్క: 44 అంటే 78 నుంచి 84 డిగ్రీల రేఖాంశాల మధ్య పట్టీ. పాత పుస్తకాల్లో, భూగర్భ నివేదికల్లో మొదటి నంబరే కనిపిస్తుంది. కాబట్టి జాబితాలో రెండు నంబర్లూ రాయాలి. ఒకటే రాస్తే సగంమంది పాఠకులకు ఆ షీటు లేనట్టే లెక్క.

పాత పటాన్ని స్కాన్ చేసి ఫోను పటం మీద పెడితే సరిగ్గా కూర్చోవడం లేదు. పటం తప్పా?

చాలాసార్లు పటం తప్పు కాదు. మూడు కారణాలు ఉంటాయి, మూడింటినీ విడివిడిగా వెతకాలి.

మొదటిది భూమి ఆకారం లెక్క. భూమి నున్నని గోళం కాదు కనుక సర్వే చేసేవాళ్లు తమ ప్రాంతానికి బాగా నప్పే ఒక గుండ్రని రూపాన్ని ఊహించుకుని దాని మీద లెక్కలు కడతారు. మన టోపో షీట్లు చాలాకాలం జార్జ్ ఎవరెస్ట్ 1830లో స్థిరపరచిన రూపం మీద ఆధారపడ్డాయి. ఫోనులోని జీపీఎస్ వాడేది ప్రపంచానికంతటికీ ఒకటే అయిన డబ్ల్యూజీఎస్-84. ఒకే అక్షాంశ రేఖాంశాలను ఈ రెండు లెక్కల్లో పెడితే హైదరాబాద్ దగ్గర నేల మీద వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది. పటంలో ఇల్లు వీధికి అవతల పడటానికి ఇది చాలు.

రెండోది ఇంకా పాత కథ. 19వ శతాబ్దంలో మన దేశపు రేఖాంశాలన్నింటికీ మద్రాసు నక్షత్రశాల ఆధారం. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన, నేలను గొలుసుకట్టు త్రిభుజాలుగా కొలుచుకుపోయే మహా త్రిభుజాల సర్వే కూడా ఆ చోటునే నమ్ముకుంది. ఆ నక్షత్రశాల రేఖాంశాన్ని లెక్కగట్టడంలో సుమారు రెండున్నర నిమిషాల (ఇక్కడ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) తేడా వచ్చింది. త్రిభుజాలు ఒకదానితో ఒకటి చక్కగా కలిసినా, గొలుసు మొత్తం తూర్పుకు జరిగి కూర్చుంది. మన అక్షాంశాల దగ్గర ఆ రెండున్నర నిమిషాలు నేల మీద 4 కిలోమీటర్ల పైమాటే. ఆనాటి కొన్ని పటాల అంచున దీన్ని సవరించుకోమని చిన్న అక్షరాల్లో అచ్చువేశారు. స్కాన్ చేసేటప్పుడు అంచులు కత్తిరించేసేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. ఆ చిన్న అక్షరాలు పోతే పటం నాలుగు కిలోమీటర్లు తప్పుతుంది.

మూడోది కాగితం. తేమకు సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పొడవులో ఒకలా, వెడల్పులో మరోలా మారుతుంది. మడతల దగ్గర మరీ ఎక్కువ.

మరి దాన్ని సరిగ్గా కూర్చోబెట్టడం ఎలా?

దీన్ని జియోరిఫరెన్సింగ్ అంటారు. పటం మీద ఒక చోటును గుర్తుపట్టి, ఇప్పటి నేల మీద అదే చోటు ఎక్కడుందో చూపించి, ఆ జతను కంప్యూటర్‌కు ఇవ్వడం. ఇలాంటి జతలు పది, పదిహేను ఇస్తే మిగతా పటాన్ని అది సాగదీసి సర్దుతుంది.

వినడానికి తేలిక, చేసేటప్పుడు ఓపిక కావాలి. వందేళ్ల కిందటి పటంలో కదలకుండా ఉన్నది ఏది? రోడ్డు మలుపులు నమ్మదగ్గవి కావు, వెడల్పు చేసినప్పుడల్లా జరిగాయి. ఏటి ఒడ్డు అసలే కాదు. గోదావరి లంకలు ఒక వరదకు ఉన్న చోటు మరో వరదకు ఉండవు. నేను ముందుగా గుడి గోపురం, పాత రైలు వంతెన స్తంభాలు, కొండ మీది త్రిభుజ సర్వే స్థానం, మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే ట్రైజంక్షన్ రాయి చూస్తాను. ఆనకట్ట మీద మరమ్మతులు జరిగి ఉంటే దాని కొసలను వదిలేస్తాను. జతలన్నీ ఒక మూలనే ఇస్తే అవతలి మూల గాలిపటంలా తేలిపోతుంది. అందుకని నాలుగు మూలలకూ, మధ్యకూ పంచాలి.

ఒకసారి డెల్టా పటం ఒకటి ఎంత సర్దినా ఒక వైపు కుదరలేదు. రెండు రోజులు కుస్తీ పట్టాక తెలిసింది: నేను పెట్టిన గుడి, పటంలోని గుడి ఒకటి కావు. పాత గుడి శిథిలమైతే ఊరివాళ్లు కొంచెం దూరంలో అదే పేరుతో కొత్తది కట్టుకున్నారు. ఆ ఊరి పూజారిగారు ఫోనులో ఒక్క మాటలో తేల్చేశారు. అప్పటి నుంచి ప్రతి జతకూ ఆధారం ఏమిటో పక్కన రాయకుండా పని ముగించను.

మా పొలం కొలతలు కంప్యూటర్‌లోకి ఎలా వెళ్తాయి? ఎఫ్‌ఎంబీ అంటే ఏమిటి?

ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్. పాత మద్రాసు సర్వే పద్ధతి నడిచిన జిల్లాల్లో ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో పేజీ. పొలంలో ఒక రాయి నుంచి ఇంకో రాయికి అడ్డంగా ఒక గీత కొలుస్తారు. అది జీ లైన్. పొలం హద్దు వంకర తిరిగిన ప్రతిచోటుకూ ఆ గీత నుంచి నిటారుగా ఎంత దూరమో కొలిచి రాస్తారు. హద్దు గీత ఎఫ్ లైన్. ఇప్పటికీ మన ఊళ్లలో హద్దు చూపించమని పెట్టే అర్జీని ఎఫ్ లైన్ దరఖాస్తు అనడం దీని నుంచే వచ్చింది.

కొలిచింది గంటర్ గొలుసుతో. దాని పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, అంటే లక్ష చదరపు లింకులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఇప్పుడు ఒక మూడు మూలల చెక్కను చూడండి: జీ లైన్ 600 లింకులు, దాని మీంచి మూలకు 250 లింకులు. 600ను 250తో గుణించి సగం చేస్తే 75,000 చదరపు లింకులు, అంటే సరిగ్గా 75 సెంట్లు. మెట్రిక్ లెక్కతో పని లేకుండా సర్వేయర్ గట్టు మీద నిలబడే విస్తీర్ణం తేల్చేవాడు.

నిజాం ప్రాంతంలో గొలుసు వేరు. 33 అడుగులు, 16 ఆనాలు. ఒక చదరపు గొలుసు 121 చదరపు గజాలు, అదే గుంట. నలభై గుంటలు ఎకరం. ఆంధ్రలో సెంట్లు, తెలంగాణలో గుంటలు అని మనం అనే తేడా అంతా రెండు గొలుసుల తేడాయే. అక్కడ ఎఫ్‌ఎంబీకి బదులు టిప్పన్ (పొలం కొలతల నక్షా), సేత్వార్ (సర్వే నంబర్ల విస్తీర్ణాల రిజిస్టరు) ఉంటాయి.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు బొమ్మను స్కాన్ చేసి దాని మీద గీయడం ఒక పద్ధతి, పేజీలోని అంకెలను టైపు చేసి కంప్యూటర్ చేత కొత్తగా గీయించడం రెండో పద్ధతి. రెండోదే సరైనది, ఎందుకంటే అసలు సాక్ష్యం అంకె. బొమ్మను గుమాస్తా కంటికి కుదిరినట్టు గీసి ఉండవచ్చు. అంకెలతో గీయించినప్పుడు హద్దు మూసుకోకపోతే ఎక్కడో ఒక అంకె తప్పు చదివారని తెలుస్తుంది. చెదలు కొట్టిన పేజీలో 1, 7 ఒకేలా ఉంటాయి. అంకె సరైనదైతే పక్క పొలం పేజీలోనూ అదే పొడవు కనిపించాలి. ఉమ్మడి గట్టు కదా. ఇలా ఇరుగుపొరుగు పేజీలను ఒకదానితో ఒకటి సరిచూడటం మనిషి చేస్తే నెలలు పడుతుంది, యంత్రం క్షణాల్లో చేస్తుంది. ఈ రంగంలో కంప్యూటర్ చేసిన గొప్ప మేలు నా దృష్టిలో ఇదే.

రీసర్వేలో మా విస్తీర్ణం మారింది. ఎవరైనా మోసం చేశారా?

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, రోవర్లు వాడుతున్నారు. రోవర్ అంటే స్థిరంగా ఉన్న కేంద్రాల నుంచి సవరణలు అందుకుంటూ సెంటీమీటర్ల తేడాతో చోటు చెప్పే జీపీఎస్ పరికరం. పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. గ్రామకంఠంలోని ఇళ్ల స్థలాలను కొలవడానికి కేంద్రం 2020 ఏప్రిల్‌లో స్వామిత్వ పథకం తెచ్చింది.

తేడాకు మామూలు కారణాలు చాలా ఉంటాయి. గొలుసు వాడగా వాడగా సాగుతుంది. నూటికి ఒక లింకు సాగితే వైశాల్యంలో దాదాపు నూటికి రెండు తేడా. 5 ఎకరాల పొలంలో 10 సెంట్లు. సాగిన గొలుసు తక్కువ లింకులు చూపిస్తుంది కాబట్టి కొత్త కొలతలో భూమి పెరిగినట్టు కనిపిస్తుంది. గట్టు ఏటేటా జరిగి ఉండవచ్చు, డొంక దారి సాగులో కలిసి ఉండవచ్చు. తేడా రాగానే మోసం అనుకోనక్కర్లేదు. అలాగని వదిలేయనూ కూడదు. పాత ఎఫ్‌ఎంబీ నకలు తీసుకోండి, రాయి నుంచి రాయికి పొడవులు పోల్చండి, ఏ భుజంలో తేడా వచ్చిందో పట్టుకోండి. మొత్తం విస్తీర్ణం మీద వాదిస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఒక్క భుజం మీద వాదిస్తే అక్కడికి వెళ్లి చూడవచ్చు.

ఫోను పటంలో కనిపించే గీత నా పొలం హద్దేనా?

కాదు. మామూలు ఫోను చెప్పే చోటులోనే కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. దారి వెతుక్కోవడానికి అది చాలు, గట్టు తేల్చడానికి చాలదు.

గ్రంథాలయాల్లోని పటాల సేకరణలు ఎలా మారాయి?

పుస్తకానికి రచయిత పేరు, శీర్షిక చాలు. పటానికి చాలవు. పటం కోసం వచ్చేవాడి మనసులో ఉండేది శీర్షిక కాదు, ఒక చోటు. కార్డుల కాలంలో గోదావరి జిల్లా పటం అనే కార్డు కింద ఉన్న షీటులో మీ ఊరు ఉందో లేదో బీరువా తెరిచి చూస్తే తప్ప తెలిసేది కాదు.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1960లలో గ్రంథాలయ రికార్డులను కంప్యూటర్ చదివేలా మార్క్ అనే నమూనా తెచ్చింది. అందులో 034 అనే గడి పటాల కోసమే. పటం తూర్పు, పడమర, ఉత్తర, దక్షిణ అంచుల అక్షాంశ రేఖాంశాలు అందులో రాస్తారు. ఎవరూ పట్టించుకోని గడి అది. చాలా సేకరణల్లో ఏళ్ల తరబడి ఖాళీగానే ఉండిపోయింది. తెర మీద పటాన్ని వేలితో చూపించి వెతికే రోజులు వచ్చాక, ఆ గడి నింపిన గ్రంథాలయాల పటాలే జనానికి కనిపించడం మొదలైంది. ఓల్డ్ మ్యాప్స్ ఆన్‌లైన్ అనే వెతుకులాట పని చేసేది ఇలాంటి అంచుల లెక్కతోనే.

అమెరికాలో డేవిడ్ రమ్సే అనే సేకర్త తన పటాలను 1990ల చివరలోనే ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచారు. ఆ సేకరణకు 2016లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక కేంద్రం ఏర్పడింది. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం పాత సర్వే షీట్లను అతుకు తెలియకుండా కలిపి, ఇప్పటి ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టి చూపిస్తుంది. బ్రిటిష్ లైబ్రరీ 2012లో తన పటాలను జియోరిఫరెన్స్ చేసే పనిని సామాన్యులకు అప్పగిస్తే, ఇళ్లలో కూర్చున్న ఔత్సాహికులు వేల పటాలను సర్దిపెట్టారు.

మనవైపు నుంచి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది మెకంజీ సేకరణ. కాలిన్ మెకంజీ 1815లో భారతదేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయ్యారు. ఆయన వెంట ఊరూరా తిరిగి కైఫియత్తులు (ఊరి చరిత్ర రాతలు), శాసనాలు సేకరించిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య ఏలూరువాళ్లు. ఒకే ఊరిలో, ఒకే యాత్రలో పుట్టిన కాగితాలు తర్వాత విడిపోయాయి. తెలుగు రాతప్రతులు చెన్నైలో, పటాలు, చిత్రాలు ఎక్కువగా లండన్‌లో చేరాయి. కాగితాలను మళ్లీ ఒకచోటికి చేర్చడం జరిగే పని కాదు. కానీ ఊరి చోటును తాళంచెవిగా పెట్టుకుంటే కైఫియత్తు, పటం, శాసనం మూడూ ఒకే తెర మీద పక్కపక్కన నిలబడతాయి. డేటాబేస్ అనే మాట విన్నప్పుడు నాకు కలిగే ఆశ ఇదే.

ఊరి పేర్లతో ఇబ్బంది లేదా?

అన్నింటికంటే పెద్ద ఇబ్బంది అదే. బెజవాడ అని వెతికితే విజయవాడ రావాలి, బందరు అంటే మచిలీపట్నం రావాలి, ఆంగ్లేయుల పటంలో మసులిపటం అని ఉన్నదీ రావాలి. ఇంగ్లిషులో కొత్తపల్లినే నాలుగైదు రకాలుగా రాస్తారు. పైగా కొత్తపల్లి ఒకటా రెండా? రామాపురాలు, లింగాపురాలు, కొత్తూళ్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి.

పేరును తాళంచెవిగా వాడకూడదన్నది ఈ పనిలో మొదటి పాఠం. ప్రతి ఊరికీ మారని ఒక కోడ్ ఇచ్చి, పేర్లన్నీ దాని కింద రాయాలి. తెలుగు పేరు, ఇంగ్లిషు రూపాలు, పాత పేరు, జనం పిలుచుకునే పేరు, ఒక్కోదానికీ అది వాడిన కాలం. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే స్థానిక సంస్థల డైరెక్టరీలో గ్రామాలకు ఇలాంటి కోడ్‌లు ఉన్నాయి.

2004లో స్టీవ్ కోస్ట్ ఇంగ్లండ్‌లో మొదలుపెట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగు పేరుకు విడిగా గడి ఉంది. మీ ఊరి పేరును తెలుగులో మీరే రాయవచ్చు. చెరువు పేరు, వీధి పేరు, కొండ పేరు కూడా. ఒక్క నియమం: వ్యాపార సంస్థల పటాల నుంచి ఎత్తిరాయకూడదు. మీకు స్వయంగా తెలిసినది, వెళ్లి చూసినది రాయండి. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం నుంచి ఇస్రో 2009లో తెచ్చిన భువన్‌లో ఉపగ్రహ చిత్రాల మీద మీ ఊరిని చూసుకోవచ్చు.

డేటాబేస్ ఎప్పటికప్పుడు సరిదిద్దుకుంటుంది కదా. పాత పటాలతో ఇక పనేముంది?

ఈ ప్రశ్న ఎవరు అడిగినా కాస్త కూర్చోబెట్టి మాట్లాడతాను.

2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. కాగితం కాలంలో అయితే కొత్త పటం అచ్చువేసేవాళ్లు, పాతది బీరువాలో ఉండేది. తెర మీది పటం రాత్రికి రాత్రే మారింది. ముందురోజు పటం చూపించమంటే చాలా చోట్ల అది లేదు. కొత్త హద్దు పాత హద్దును చెరిపేసి దాని చోట్లో కూర్చుంది.

భద్రాచలం సంగతి చూడండి. 1959 వరకు తూర్పు గోదావరి జిల్లా. తర్వాత ఖమ్మం. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. 2014లో చుట్టుపక్కల మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. 1951 జనాభా లెక్కలనూ 2011 లెక్కలనూ జిల్లా పేరుతో పోల్చేవాడు ఇక్కడ నిలువునా తప్పులో పడతాడు. డేటాబేస్‌లో ప్రతి హద్దుకూ ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు అని రెండు గడులు ఉంటే ఏ తేదీనాటి పటం అడిగినా వస్తుంది. ఆ రెండు గడులు పెట్టడానికి అదనంగా పట్టే శ్రమ కొంచెమే. పెట్టని చోట ఒక తరం చరిత్ర పోతుంది.

నాగార్జునకొండ లోయ ఇంకో ఉదాహరణ. 1954 నుంచి 1960 వరకు అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపి, తర్వాత లోయను నీళ్లకు వదిలేశారు. ఇప్పటి పటంలో అక్కడ నీలి రంగు, మధ్యలో ఒక దీవి. ఆనకట్టకు ముందు అచ్చయిన టోపో షీటులో లోయ ఉంది, దారులు ఉన్నాయి, ఊళ్లు ఉన్నాయి. శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్లవాళ్ల పిల్లలు, మనవలు ఆ పాత షీటు ముందు నిలబడి తమ ఊరి పేరు మీద వేలు పెట్టడం నేను చూశాను. ఉపగ్రహ చిత్రం ఎంత నిశితమైనదైనా ఆ పేరు చూపించలేదు.

అన్నీ స్కాన్ చేశాక కాగితం తీసేయవచ్చా?

కూడదు. ఒక టోపో షీటులో పటం ఉన్న భాగం సుమారు 55 సెంటీమీటర్ల చదరం. అంగుళానికి 400 చుక్కల లెక్కన స్కాన్ చేస్తే కుదించకుండా 200 ఎంబీ దాటుతుంది. అంత పెద్ద ఫైల్‌లోనూ కాగితం వెనక పెన్సిలుతో రాసిన సవరణ రాదు, రంగు మీద రంగు అద్దిన వరుస తెలియదు.

పైగా ఫైళ్ల ఆయుష్షు మీద నాకు భరోసా తక్కువ. ఒకసారి ఒక కార్యాలయం నుంచి మాకు ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో వందేళ్ల నాటి గుడ్డ అతికించిన పటాలు, 1990ల నాటి ఫ్లాపీలు కలిసి ఉన్నాయి. పటాలను ఆ సాయంత్రమే చదువుకున్నాం. ఫ్లాపీల్లో ఒక్కటి కూడా తెరుచుకోలేదు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద జరిగిన సైబర్ దాడితో అక్కడి ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి మూతపడ్డాయి. బీరువాల్లోని పటాలకు ఏమీ కాలేదు.

మా ఇంట్లో పాత పటం ఉంది. ఏం చేయాలి?

ముందు ఏం చేయకూడదో చెబుతాను. లామినేషన్ చేయించవద్దు, అది మళ్లీ ఊడదు. చిరిగిన చోట సెల్లో టేపు వేయవద్దు, జిగురు కాగితాన్ని పసుపు చేసి తినేస్తుంది. కొత్త మడతలు పెట్టవద్దు. వీలైతే పరిచి ఉంచండి, లేదంటే వదులుగా చుట్టండి. గోడకు తగిలించాలనిపిస్తే నకలు తగిలించండి.

ఫోటో తీసేటప్పుడు నేరుగా పైనుంచి, నీడ పడకుండా, నాలుగు అంచులూ వచ్చేలా తీయండి. స్కేలు గీత, సంవత్సరం, ముద్రణాలయం పేరు, అంచున ఉన్న చిన్న అక్షరాలు విడిగా దగ్గర నుంచి తీయండి. వెనకవైపు కూడా. ఈ పటం ఎవరిది, మీ ఇంటికి ఎలా వచ్చింది అన్నది ఒక కాగితం మీద రాసి దానితోపాటే పెట్టండి. ప్రభుత్వం ప్రచురించిన పటమైతే మన చట్టం ప్రకారం ప్రచురణ నుంచి 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది.

పటాల మీది అక్షరాలను కృత్రిమ మేధ చదవగలదా?

ఇంగ్లిషు పటాల మీద బాగానే చదువుతోంది. రమ్సే సేకరణలో పటాల మీద అచ్చయిన పదాలతోనే వెతికే ఏర్పాటు ఉంది. నది వెంట వంగిన అక్షరాలు, దూర దూరంగా పరిచిన అక్షరాలు ఇంకా తడబెడతాయి. చేత్తో రాసిన తెలుగు పటాల మీద ఇప్పటికీ మనిషి కన్నే ఆధారం. మనం సరిగ్గా చదివి రాసిపెట్టిన పటాలు ఎక్కువైతేనే యంత్రానికి నేర్పడానికి ఏదైనా ఉంటుంది.

నేను ఈ పని నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ హైదరాబాద్‌లోని ఉప్పల్‌లో ఉంది. ఆంధ్రప్రదేశ్ సర్వే శాఖ శిక్షణ సామర్లకోటలో జరుగుతుంది. ఇంట్లో నేర్చుకోవాలంటే క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. జియోరిఫరెన్సింగ్ పనిముట్లు అందులోనే ఉన్నాయి.

మొదటి అభ్యాసానికి మీ ఊరి చెరువును తీసుకోండి. ఫోనులో దారిని నమోదు చేసే యాప్ తెరిచి గట్టు మీద ఒక చుట్టు నడవండి. ఆ గీతను పాత గ్రామ పటంలోని చెరువు గీత మీద పెట్టి చూడండి. రెండూ కలవని చోటుకు మళ్లీ వెళ్లి, అక్కడి పెద్దవాళ్లను గట్టు ఎప్పుడు జరిగిందో అడగండి. వాళ్లు చెప్పిన మాటను, చెప్పిన తేదీతో సహా, ఆ గీత పక్కన గడిలో రాయండి.